ఒకటి పోతే అన్నీ పోవాలి

ఎల్ఈడీ లైట్లను సిరీస్‌లో కలిపినవాడు మహానుభావుడు. ప్యారలల్‌లో కలిపినవాడు సంఘద్రోహి! తొందరపడి నవ్వకండి, నా దగ్గర సాక్ష్యం ఉంది.

లిఫ్టు లేని మా అపార్ట్‌మెంట్‌లో, కిటికీలు లేని మెట్ల మీద ఎనిమిది లైట్లు. మొదట్లో అన్నీ ప్యారలల్. అంటే ఎవరి వెలుగు వారిది, ఎవరి చీకటి వారి ఖర్మ. నాలుగో అంతస్తులో మా గుమ్మం ముందున్నది ఆరిపోయింది. మిగతా ఏడింటికీ చీమ కుట్టినట్టయినా లేదు. ఎనిమిది నెలలు సెక్రటరీ గారి చుట్టూ తిరిగాను. "మిగతావన్నీ వెలుగుతున్నాయి కదండీ" అనేవారు, ఎంతో ఓదార్పుగా.

మా మేనత్తకు చూపు అంతంతమాత్రం. ఆ చీకట్లో గోడ పట్టుకుని, మూడో అంతస్తు దాకా పద్దెనిమిది మెట్లూ గట్టిగా లెక్కపెట్టుకుంటూ దిగేది. ఒకరోజు పక్కింటాయన ఎదురై బాగున్నారా పిన్నిగారూ అని పలకరించాడు. లెక్క తప్పింది. తాను దిగింది పన్నెండా, పదమూడా తేలక, నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆ మెట్టు మీదే కూర్చుంది. నాకు ఒళ్లు మండింది.

దేవుడి దయవల్ల పాత వైర్లు కాలిపోయాయి. మా గుమ్మం లైటుతో సహా కొత్తవి వేయించే పని నా నెత్తిన పడింది. సిరీస్ అన్నాను. ఎలక్ట్రీషియన్ తల గోక్కున్నాడు.

"ఒకటి పోతే అన్నీ పోతాయి సార్."

"నాక్కావలసిందీ అదే నాయనా."

మూడో రోజే రెండో అంతస్తులో ఒకటి పోయింది. మెట్లన్నీ కటిక చీకటి. ఏం శోభ! పదేళ్లుగా తెరుచుకోని తలుపులు తెరుచుకున్నాయి. ఆరేళ్లుగా మాటల్లేని తోడికోడళ్లు ఒకే నిచ్చెన పట్టుకున్నారు. పళ్ల డాక్టరు టార్చి నోట కరుచుకుని ఒక్కో లైటునూ పరీక్షించాడు. సెక్రటరీ గారు బనియన్‌తోనే పరుగెత్తుకొచ్చారు. ఎనిమిది నెలలు కాని పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది!

ఐకమత్యం గురించి ఇన్నేళ్లుగా ఉపన్యాసాలెందుకు చెప్పండి? నాలుగు గజాల వైరు చాలదూ? నన్నడిగితే కుళాయిలు, రోడ్డు మీది గుంతలు కూడా సిరీస్‌లోనే ఉండాలి. మా వీధిలో గుంత పడితే ఇంజనీరు గారి పోర్టికోలోనూ పడాలి!

ఆదివారం మీటింగు పెట్టారు. నాకు సన్మానమేమోనని ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్లాను. ఇంతమందికి ఇంత ఇబ్బంది ఇంకెప్పుడూ రాకూడదని, లైట్లన్నీ ప్యారలల్‌కు మార్చాలని తీర్మానించారు. మా భవనంలో ఏకగ్రీవంగా జరిగిన మొదటి పని అదే.

మార్చేశారు. వారం తిరక్కుండా మా గుమ్మం ముందుది ఆరిపోయింది. మిగతా ఏడూ దివ్యంగా వెలుగుతున్నాయి.

అందుకని పాఠకులకు ఒక్కటే మనవి. మా మెట్ల మీద ఒక పెద్దావిడ "పదకొండు, పన్నెండు" అనుకుంటూ ఎదురైతే, దయచేసి పలకరించకండి.