ఎడమకాలి గౌరవం

తాజుకో సంచి సర్దుకుంటోంది. క్లచ్ కాలికి తెలిసేలా పల్చటి అడుగుల బూట్లు, మోకాలికి అంటించుకునే మందుపట్టీలు, ఊరవేసిన ఉమె అనే పుల్లటి కాయలు. అరవై దాటిన ఇల్లాలు సొంతింటి కారును ముట్టుకునే అర్హత కోసం, యమగతలో బస ఇచ్చి నేర్పే డ్రైవింగ్ స్కూలుకు బయలుదేరడం నగవోక పట్టణానికే గర్వకారణమని మనవి.

ఆమెకు లైసెన్సు లేక కాదు. దానిమీద ‘ఆటోమేటిక్ మాత్రమే’ అని అచ్చువేసి ఉంది. ఇంటి సెడాన్‌కేమో చేత్తో వేసే గేర్లు. సకాతలో ఆమె అక్క కినుయో తుంటి విరిగి, ఆసుపత్రికి తిప్పే దిక్కులేక ఉంది. కారులో వెళ్దామంటే భర్త కునియసు "వచ్చే ఆదివారం" అంటాడు. మాట తప్పే మనిషి కాడు. ప్రతి ఆదివారమూ అదే మాట మీద నిలబడ్డాడు.

"ఆటోమేటిక్ కొనొచ్చు కదండీ" అన్నందుకు పేటసంఘం విందులో ఉపన్యాసమే ఇచ్చాడు. "ఆటోమేటిక్ అంటే చక్రాలున్న సోఫా. ఆ సీవీటీ ఉందే, దాన్లో గేర్లే లేవు, బెల్టు తిరుగుతుంది, ఇంజను మూలుగుతుంది. రెండు క్లచ్‌లదైతే మరీ అన్యాయం, మన పని అదే చేసేసుకుని మనకి చెప్పనైనా చెప్పదు. మగవాడి గౌరవం ఎడమకాల్లో ఉంది, సోదరులారా."

చప్పట్లు మోగాయి. తాగినవాళ్ళు నడపరాదన్న చట్టాన్ని మన్నించి, సోదరులందరూ భార్యలు తెచ్చిన ఆటోమేటిక్ కార్లెక్కారు. కునియసును పొరుగింటి కత్సురగారి భార్య వెనకసీట్లో వేసుకెళ్ళింది. "కాళ్ళు ముడుచుకోండి, ముల్లంగి దుంపలున్నాయి" అంది.

స్కూల్లో తాజుకో చేతిలో బండి అడుగడుక్కీ ఆగిపోయింది. "అమ్మా, క్లచ్‌ని మెల్లిగా వదలాలి" అన్నాడు మాస్టారు.

"వదలడమే నాకు రాదు నాయనా."

నేర్చుకుంది. పాసయింది. ఇంటికి ఫోన్ చేసింది.

"కారు మార్చేశాను, సీవీటీ" అన్నాడు కునియసు. "నువ్వు కూడా నేర్చేసుకునే విద్యలో లోతేముంది చెప్పు?"

"అయితే నా పాత లైసెన్సే సరిపోయేది."

"సరిపోయేదే. కొత్త బండి కదా, కొన్నాళ్ళు నేనే నడుపుతాలే."

"మరి అక్కయ్య?"

"వచ్చే ఆదివారం."

"సరేలెండి" అని ఆమె సకాత రైలెక్కింది. అక్క పండ్లతోటలో గేర్ల చిన్నలారీ ఒకటి నడిపేవాళ్ళు లేక పడి ఉంది. మర్నాడే అక్కను దాన్లో ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

పేటసంఘం అత్యవసరంగా సమావేశమైంది. ఆడవాళ్ళకు గేర్లు నేర్పడంవల్ల కాపురాలకు కలిగే నష్టాన్ని ఏకగ్రీవంగా ఖండించి, తాగి, భార్యల కోసం బయట వరసగా నిలబడింది. ఆ రోజు ఆడవాళ్ళు కొందరు కాస్త ఆలస్యంగా వచ్చారు.

తాజుకో ఇప్పటికీ తిరిగి రాలేదు. ఆమె వెళ్ళింది రెండువేల పద్నాలుగు మార్చిలో.