కుట్టయ్య ఇనుప గుండు

ఆగస్టు పదిహేను పొద్దున కుట్టయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. మస్తాన్ దగ్గర గడ్డం గీయించుకోవాలి, మీసాలకు నూనె రాయాలి, ఇంటికొచ్చి పది మణుగుల ఇనుప గుండును తానే భుజాన వేసుకుని ఆత్మకూరు హైస్కూలుకు నడవాలి, జెండా వందనం కాగానే జనం ముందు దాన్ని ఒంటిచేత్తో ఎత్తాలి. ఏడేళ్లుగా ఇదే వరస.

అసలు పేరు చాత్తుక్కుట్టి. మలబారు మనిషి. పంతొమ్మిది వందల నలభై ఎనిమిదిలో సర్కసుతో వచ్చాడు. గాలివానకు డేరా చిరిగి సర్కసు చెల్లాచెదురైతే, బస్టాండు దగ్గర దోసెలు పోసే కామమ్మను పెళ్లాడి ఇక్కడే ఉండిపోయాడు. వెంట తెచ్చుకున్న ఆస్తి ఆ గుండొక్కటే. దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. ఎందుకంటే అది రేకుతో చేసి నల్లరంగు పూసిన బోలుగుండు. ఆ సంగతి పెళ్లానికి కూడా చెప్పలేదు. ఊరంతా భీముడని పిలుస్తుంటే తాను పరాయివాడినన్న మాటే మరిచిపోయేవాడు, పాపం. గుట్టు తెలిస్తే ఏ మొహం పెట్టుకుని ఇక్కడ బతకాలి?

సగం గడ్డం గీసి ఉండగా బండి తోలే హుసేనయ్య వచ్చాడు. "పెద్దాయన మోసుకొచ్చేదేందని హెడ్మాస్టరు నా బండి పంపినాడు కుట్టయ్యా. గుండు బడికాడ దించేసినాం. ముగ్గురం పట్టినా నడుములు పడిపోయినాయి."

కుట్టయ్య చటుక్కున లేచాడు. గుట్టు వీళ్లకు తెలిసిపోయింది, బరువని నటిస్తూ ఎగతాళి చేస్తున్నారు అనుకున్నాడు. సర్కసులోనూ ఇంతే. బ్యాండు మోగుతుండగా ఇద్దరు మనుషులు మూలుగుతూ, తూలుతూ ఆ బోలుగుండును లోపలికి దొర్లించుకొచ్చేవారు. వాళ్ల నటనకు ముందువరస ఆడవాళ్లు అయ్యో అనేవారు. ఆ పెట్రోమాక్సు వెలుగు, ఆ రంపపుపొట్టు వాసన తలుచుకుంటే ఇప్పటికీ అతనికి కళ్లు చెమర్చేవి. ఇవాళ మాత్రం ఒళ్లంతా చెమర్చింది.

సగం గడ్డంతోనే బయలుదేరాడు. గుండు దించిన ముగ్గురిలో ఒకడైన వహాబ్ దారిలో ఎదురై మోచెయ్యి చూపించాడు. "బెణికినాది భాయ్. ఏం బరువు అది? నువ్వెట్ట ఎత్తుతావో ఏమో."

కుట్టయ్య అతనికి దణ్ణం పెట్టాడు. "చాలు భాయ్. మధ్యాహ్నం బస్సుకు మా దేశం పోతా. నన్నింక ఏడిపించబాకండి."

వహాబ్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థమైనంత మేరకు నలుగురికి చెప్పాడు. గుండు ఎత్తలేక భీముడు ఊరు విడిచి పోతున్నాడన్న వార్త క్షణాల్లో పాకడంతో, ఏనాడూ బడి మొహం చూడనివాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు.

జెండా ఎగిరింది. ఇదే ఆఖరిసారి అనుకుంటూ కుట్టయ్య వంగి ఒంటిచేత్తో పిడి పట్టుకుని లేపబోయాడు. గుండు కదల్లేదు. రెండు చేతులా లాగాడు. నడుములో ఏదో కలుక్కుమంది తప్ప గుండు కదల్లేదు. మంచినీళ్లు కావాలన్నాడు. కామమ్మ చెంబుతో వచ్చి చెవిలో చెప్పింది.

"ఇందాకటి నుంచి నీకోసం దేవులాడతా ఉండా. ఎలకలు పడతా ఉంటే మొన్న విత్తనాల కందులు దాంట్లో నిండా పోసినా. అడుగున మూత ఉండాది గదా."

"నీకు తెలుసునా?"

"పెళ్లయిన నెలకే. దుమ్ము తుడస్తా చూసినా. నువ్వు చెప్పలేదు గదా, నేనెందుకు అడిగేది?"

ఏడేళ్లు. ప్రతి ఆగస్టు పదిహేనుకూ ఆమె ముందువరసలో నిలబడి ఊపిరి బిగబట్టి చూసేది. కుట్టయ్య నీళ్లు గడగడా తాగాడు. చెంబు ఇచ్చేసి, మీసం తుడుచుకుని, కాళ్లు ఎడంగా పెట్టాడు. గుండు మోకాళ్లకొచ్చింది, రొమ్ముకొచ్చింది, వణికే చేతుల మీద తలపైకి లేచింది. ఆత్మకూరులో అతను నిజంగా బరువెత్తడం అదే మొదలు.

జనం అంతంత మాత్రంగా చప్పట్లు కొట్టారు. "ముందు ఒంటిచేత్తో ఎత్తేవాడు. ముసిలోడయిపోయినాడు పాపం" అంది పక్కింటి ఆదిశేషమ్మ. కామమ్మ ఒక్కతే చెంబు కింద పెట్టి, అరచేతులు మండేదాకా కొట్టింది. మధ్యాహ్నం బస్సు కుట్టయ్య లేకుండానే నెల్లూరు వెళ్లిపోయింది.

మరుసటేడు హెడ్మాస్టరు, వయసు మీద పడిన మనిషి కదా అని, అతని చేత జెండా మాత్రమే ఎత్తించాడు.