పుదీనా అనని పిల్ల

ఆ పొద్దున పెంకి వేసుకున్న పథకం చాలా చిన్నది. డిగ్రీ చివరి ప్రాక్టికల్ త్వరగా ముగించి, అమ్మ టైలరింగ్ షాపులో కాజాలు కుట్టడానికి వెళ్ళడం. అసలు పేరుతో ఆమెను పిలిచేది హాజరు వేసేటప్పుడే. మిగతా వేళల్లో ఇంటా బయటా పెంకే.

ప్రాక్టికల్ కూడా కొరకరాని కొయ్యేం కాదు. నారింజ తొక్కలో ఉండే నూనెను మార్చి, పుదీనా ఆకుకు వాసననిచ్చే పదార్థాన్ని తయారుచేయాలి. అందరూ ముగించాక కెమిస్ట్రీ మాస్టారు వరసగా అడుగుతూ వచ్చారు.

"ఏం వాసన?"

"పుదీనా సార్."

వెంటనే మార్కులు వేసేశారు. ఆయన ఏ బుడ్డి దగ్గరా ముక్కు పెట్టలేదు. ఏళ్ళ తరబడి వస్తున్న పుదీనాయే కదా, కొత్తగా చూసేదేముంది?

పెంకి వంతు వచ్చింది.

"షాజీరా సార్."

"పుదీనా అను."

"పుదీనా వస్తే అంటాను సార్."

మాస్టారు వాసన చూశారు. గుప్పుమంది షాజీరా. ఆయన ముఖం జేవురించింది.

"వంటింట్లోంచి తెచ్చి కలిపావా? ల్యాబంటే ఎగతాళిగా ఉందా? తప్పయిందని రాసివ్వు, వదిలేస్తాను."

"చెయ్యని తప్పుకి ఒక్క అక్షరం కూడా రాయను."

మాట మాట పెరిగింది. ప్రిన్సిపాల్ వచ్చారు. పెంకి సంచి దులిపిస్తే దారపు ఉండలు రాలాయి.

"షాజీరా మూట కట్టడానికే తెచ్చింది!" అన్నారు మాస్టారు.

తల్లికి కబురు వెళ్ళింది. మెడలో టేపు అలాగే వేలాడుతుండగా ఆవిడ పరుగున వచ్చి, బుడ్డి వాసన చూసి, కూతుర్ని గట్టెక్కించాలని గట్టిగా చెప్పింది.

"మా పిల్ల అబద్ధమాడదండీ. ఇది షాజీరాయే. అచ్చం మా ఇంటి డబ్బాలోదే!"

పెంకి నెత్తి కొట్టుకుంది.

"విన్నారా? డబ్బా ఆచూకీ కూడా దొరికింది," అన్నారు మాస్టారు. పరీక్ష రద్దు చేయడానికి ప్రిన్సిపాల్ జేబులోని పెన్ను తీశారు.

"ఏడాది పోతుందే. ఆ పుదీనా ఏదో అనెయ్యవే," అని తల్లి గుసగుసలాడింది.

పెంకి లొంగలేదు. "చెయ్యి పొట్టిగా కుట్టిన జాకెట్టుని సరిపోయిందంటావా అమ్మా నువ్వు?"

తల్లి ఒక్క క్షణం ఆలోచించి నడుము నిటారుగా చేసింది. "అనదండీ. మా పిల్ల అనదు."

"పోలారిమీటరులో పెట్టి చూడండి సార్," అంది పెంకి. "పుదీనాదైతే కాంతిని ఎడమకి తిప్పాలి. నాదొక్కటే కాదు, అందరివీ పెట్టండి."

పెట్టారు. పెంకిది కుడికి తిప్పింది. పక్కవాడిదీ కుడికే. ఆ పక్కదీ కుడికే. క్లాసు క్లాసంతా కుడికే.

మాస్టారు నూనె సీసా తెప్పించి చూశారు. ఈ నూనెలో రెండు రకాలుంటాయి, కుడికాలి చెప్పూ ఎడమకాలి చెప్పూ లాంటివి. చూపుకి ఒకటే, కాలికి వేరు. ఒకదాంతో చేస్తే పుదీనా, రెండోదాంతో చేస్తే షాజీరా. వచ్చింది రెండోది. సీసా మీద ఆ సంగతి స్పష్టంగానే ఉంది. కాలేజీకి ఆ సరుకు తెప్పించింది మాస్టారే.

ప్రిన్సిపాల్ క్లాసు వైపు తిరిగారు. "మరి మీకందరికీ పుదీనా వాసన ఎలా వచ్చిందయ్యా?"

"మాస్టారు వస్తుందన్నారు కదండీ," అంది ముందు బెంచీ.

పెంకికి పూర్తి మార్కులు పడ్డాయి. వేస్తున్నంతసేపూ మాస్టారు ఆమె ముఖంలోకి చూడలేదు.

మర్నాడు ల్యాబు తలుపు మీద నోటీసు వెలిసింది: ఇకమీదట విద్యార్థులు దేన్నీ వాసన చూడరాదు.