రెండుసార్లు నేల కొట్టిన సైనికుడు

నాకున్న భయాలన్నిటిలోకీ పెద్దది ఇది: మా ఆయన నిజంగానే పడిపోతాడు, అందరూ చప్పట్లు కొడతారు.

మా ఆయన ఉద్యోగం పడిపోవడం. కంప్యూటర్ ఆటల్లో, సినిమాల్లో గుండు తగిలి కూలే సైనికులు, గోడ మీంచి జారే దొంగలు, రాక్షసుడు విసిరేస్తే ఎగిరిపడే జనం, వీళ్ళందరి బదులూ ముందుగా ఆయన పడతాడు. ఒంటికి అతుక్కునే నల్ల తొడుగు వేసి, దానిమీద బఠాణీ గింజలంత మెరిసే బంతులు యాభై మూడు అంటిస్తారు. చుట్టూ ఉన్న కెమెరాలకు మనిషితో పనిలేదు, బంతులు కనబడితే చాలు. వాటి కదలికలు పట్టుకుని కంప్యూటర్ ఇంకో ఒళ్ళు తయారుచేస్తుంది. పొద్దుటినుంచి పాతిక చావులు చచ్చి, సాయంత్రం ఆరింటికల్లా పాల ప్యాకెట్‌తో ఇంటికొచ్చే బాధ్యతగల మనిషి. అల్లుడేం చేస్తాడని ఎవరైనా అడిగితే మా అమ్మ “కంప్యూటర్ల దగ్గర” అని చెప్పి మాట మార్చేస్తుంది. అబద్ధమేం కాదు. కంప్యూటర్లకు పది అడుగుల దూరంలోనే పడతాడు.

ఆ హాలులో ఒక నియమం ఉంది. పడ్డవాణ్ణి, దర్శకుడుగారు “చాలు” అనేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఎవరైనా దగ్గరికి వెళితే బంతులకు అడ్డం వస్తారు, తెరమీద బొమ్మకు చెయ్యో కాలో మాయమవుతుంది. అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చునే సారు “చెయ్యి పోయింది, చెయ్యి పోయింది!” అని కేక పెడతారు. అందరూ పరుగెత్తుతారు, కంప్యూటర్ దగ్గరికి. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసినదాన్ని. మనిషి పడితే లేపాలని మాత్రమే నాకు తెలుసు. అంతకుమించి చదివినవాళ్ళకు ఆలోచించాల్సిన విషయాలు ఇంకా చాలా ఉంటాయి.

అలాగని యాజమాన్యం దయలేనిది కాదు. నిజంగా దెబ్బ తగిలితే తెలియజేసుకునేందుకు ఒక గుర్తు ఏర్పాటు చేసింది. ఎడమ అరచేత్తో నేలమీద రెండుసార్లు కొట్టాలి. నోటితో అరిస్తే చెల్లదు, చచ్చేవాళ్ళంతా అరుస్తారు కదా. ఈ విషయం అచ్చువేయించి, అద్దం బిగించి, గోడకు తగిలించారు కూడా. తగిలించినవాళ్ళకు ఫొటోలు తీశారు.

ఆ రోజు మా ఆయన నడుం పట్టీ ఇంట్లో మరిచిపోయాడు. రెండేళ్ళ పాపను చంకనేసుకుని నేనే పట్టుకెళ్ళాను. అప్పటికే ఆయన ఆరడుగుల చెక్క అరుగు మీద, వెనక్కి పడటానికి సిద్ధంగా ఉన్నాడు. కింద పరుపు వేశారు. అయితే పొద్దున పరుపు మీద పడితే సైనికుడు మరీ సుఖంగా చచ్చినట్టుందట. అందుకని దర్శకుడుగారు దాన్ని సగానికి జరిపించారు.

పడ్డాడు. ఎడమ చేత్తో నేల కొట్టాడు. ఒకటి. రెండు.

హాలంతా చప్పట్లు.

“అబ్బ! ఆ చెయ్యి చూశారా? ప్రాణం పోతూ భూమిని తలుపు తట్టి పిలిచినట్టు లేదూ?” అన్నారు దర్శకుడుగారు.

“సార్, అది గుర్తండీ. ఆయనకు నిజంగా తగిలింది” అన్నాను.

“నిజంగా తగిలినట్టు ఉండాలనే కదమ్మా మా తపనంతా!”

ఆగలేక పాపను కుర్చీలో కూర్చోబెట్టి పరుగెత్తాను. ఆయన తల ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాను.

“ఏమైందండీ?”

“నడుం... ముందు నువ్వు పక్కకు జరగవే, బంతులు కనబడవు” అన్నాడు. పనిమీద అంత భక్తి.

తర్వాత తెరమీద వేసి చూపించారు. నేను పరుగెత్తి అడ్డం రావడంతో మాయమైన కాలిని సరిదిద్దేశారు. నా ఒంటిమీద బంతులు లేవు కనుక నేను లేను. బూడిదరంగు సైనికుడు కూలాడు, నేల కొట్టాడు, ఎవరూ పట్టుకోకుండానే అతని తల మెల్లగా గాల్లోకి లేచింది. “ఆత్మ!” అన్నారు దర్శకుడుగారు కళ్ళు తుడుచుకుంటూ. మా పాప మాత్రం తెరకేసి చూసి “అమ్మేదీ?” అంది. సాంకేతిక లోపాన్ని కనిపెట్టింది అదొక్కతే.

మా ఆయన ఆరువారాలు మంచంమీద ఉన్నాడు. సహజత్వానికి మెచ్చి కంపెనీ ప్రశంసాపత్రం పంపింది. తెచ్చినాయన దాన్ని మంచంమీదే అందించి, కాస్త లేచి నిలబడి తీసుకుంటే ఫొటో బాగుంటుందన్నాడు.

ఆట విడుదలైంది, గొప్ప పేరొచ్చింది. మా వీధి పిల్లలంతా ఇప్పుడు పడి, రెండుసార్లు నేల కొట్టి చస్తున్నారు. నేను పరుగెత్తి ఒక్కొక్కర్నీ లేపబోతే “ఆంటీ, ఆట పాడుచేయకండి” అని కసురుకుంటున్నారు. మొన్న మా పాప మంచం మీంచి జారి, నుదురు బొప్పి కట్టి, చిన్న చేత్తో రెండుసార్లు నేల కొట్టింది. “అచ్చం నాన్నలాగే చేసిందే, బంగారుకొండ!” అని పక్కింటావిడ చప్పట్లు కొట్టింది.

జరిగినదానికి చింతించి కంపెనీ వారు సమావేశం పెట్టారు. గోడమీది పాత కాగితం తీసి కొత్తది బిగించారు: రెండుసార్లు నేల కొట్టుట ఇకపై సంస్థవారి ఆస్తి. దానిని పడువారు తమ సొంత నొప్పికి వాడరాదు. కొత్త గుర్తును నిర్ణయించుటకు సంఘమొకటి నియమించడమైనది. నివేదిక వచ్చువరకు ఎవరూ గాయపడవలదని మనవి.

రేపట్నుంచి ఆటకు రెండోభాగం. మా ఆయన మళ్ళీ వెళుతున్నాడు.

“ఏం కాదులేవే, పడటం నాకు కొత్తా?”

“మరి గుర్తేదీ?”

“అప్పటికి ఏదో ఒకటి చేస్తాలే.”

“మీరేం చేసినా బాగుందంటారు.”

ఆయన నడుం పట్టీ మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

నేను వెంట వెళ్ళడానికి లేదు. కుటుంబసభ్యులకు ప్రవేశం లేదని గేటుకు బోర్డు కట్టారు. తెరమీద ఎలాగూ లేనిదాన్ని, గేటు దగ్గర మాత్రం బాగానే కనబడుతున్నాను.

మీరూ ఆ ఆట ఆడే ఉంటారు. మా ఆయన్ని తక్కువలో తక్కువ నలభైసార్లు చంపి ఉంటారు. తప్పు పట్టడం లేదు, ఆట అన్నాక చంపకపోతే ఎలా. ఒక్క సాయం చేయండి చాలు. రేపు మీలో ఎవరైనా ఆ హాలు పక్కగా వెళుతుంటే, లోపల చప్పట్లు వినబడితే, మీరు కొట్టకండి. తలుపు కాస్త తీసి, ఆయన లేచాడో లేదో చూడండి.