పర్లేదండీ అంటే మూడు

"ఇకమీదట మన కళాశాలలో సంతృప్తి అనేది ఒక భావన కాదు, ఒక అంకె!"

మా కమ్యూనిటీ కాలేజీ ప్రిన్సిపాల్ రామకోటేశ్వరరావుగారు జూన్ నెలలో ఒక సోమవారం ఉదయం, ఆటోనగర్ వైపు నుంచి వచ్చే సుత్తి దెబ్బల మధ్య, మైకు పట్టుకుని ఈ మాట ప్రకటించారు. సిబ్బంది పద్నాలుగు మందిమీ చప్పట్లు కొట్టాం. చప్పట్లు ఆగాక ఆయన నా వైపు వేలు చూపించి, "దుర్గాప్రసాద్, ఈ క్షణం నుంచి నువ్వు సంతృప్తి నోడల్ అధికారివి" అన్నారు. అప్పటిదాకా నేను జూనియర్ అసిస్టెంటుని. ఆ తర్వాత కూడా జూనియర్ అసిస్టెంటునే. మెడలో ట్యాగు మాత్రం మారింది.

పైనుంచి వచ్చిన ఉత్తర్వు ప్రకారం ప్రతి విద్యార్థినీ ఒక్కో మాస్టారి గురించి రెండు ప్రశ్నలు అడగాలి. ఈయన ఎలా చెబుతున్నారు? నీకెంత వచ్చింది? మొదటిదాని పేరు సంతృప్తి, రెండోదాని పేరు అభ్యసన ఫలితం. రెండింటికీ ట్యాబ్‌లో అవే ఐదు గడులు. ఘోరం, బాగాలేదు, పర్లేదు, బాగుంది, అద్భుతం. ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. సగటు నాలుగు దాటని మాస్టారి కాంట్రాక్టు పొడిగించరాదు.

పిల్లలకి ఎంత వచ్చిందో తెలుసుకోవాలంటే పరీక్ష పెట్టొచ్చు కదా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. సార్‌ని అడిగాను.

"పరీక్ష పెడితే తెలిసిపోతుంది కదయ్యా" అన్నారు ఆయన.

ఇక్కడ మీకు ఇద్దరు మాస్టార్ల గురించి చెప్పాలి. ఒకరు రత్తయ్య మేస్త్రి. డీజిల్ ఇంజన్ల కోర్సు ఆయనది. ముప్ఫై ఏళ్ళు ఆటోనగర్‌లో లారీల కింద పడుకుని పని చేసి, ఈ ఉద్యోగం కోసం సొంత షెడ్డు తమ్ముడికి అప్పగించి వచ్చాడు. "షెడ్డులో ఇద్దరికి నేర్పగలనండీ. ఇక్కడైతే ముప్ఫై మందికి నేర్పొచ్చు" అన్నాడు చేరిన రోజున. కాలేజీ అంటే నేర్పే చోటనుకున్నాడు పాపం.

రెండో ఆయన లక్ష్మీకాంత్. అన్ని క్లాసులకీ వ్యక్తిత్వ వికాసం చెబుతాడు. "అందరూ కళ్ళు మూసుకుని మీ విజయాన్ని చూడండి" అని తను కూడా మూసుకుంటాడు. గంట కొట్టేదాకా తెరవడు. గురక కూడా చాలా వికాసవంతంగా ఉంటుంది.

జూలై నెలాఖరుకి ఫలితాలు వచ్చాయి. లక్ష్మీకాంత్‌కి సంతృప్తి ఐదు, అభ్యసన ఫలితం ఐదు. రత్తయ్య మేస్త్రికి సంతృప్తి మూడు, అభ్యసన ఫలితం రెండు.

మేస్త్రి క్లాసు పిల్లలు దారిన పోయే ఆటోలని ఆపి మరీ బాగుచేసి పంపుతారు. సంగతేమిటో కనుక్కుందామని వర్క్‌షాపుకి వెళ్ళాను. మల్లీశ్వరి ఒక పంపు ఇంజన్ విప్పి కూర్చుని ఉంది. ఆ అమ్మాయిది పెడన, నేత పని చేసే కుటుంబం. తెగిన పోగు కంటికి కనపడకముందే ముడేసే చేతులవి. ఇప్పుడా చేతులు నట్లు బిగిస్తున్నాయి.

"మల్లీశ్వరీ, మేస్త్రిగారు ఎలా చెబుతారమ్మా?"

"పర్లేదండీ."

"అంటే?"

"అంటే ఆయనంత బాగా ఇంకెవరూ చెప్పలేరండీ. కళ్ళకి గుడ్డ కట్టి ఇంజన్ బిగించమంటారు. ఒక్క నట్టు మిగిలినా మళ్ళీ మొదట్నించీ చేయిస్తారు."

"మరి అద్భుతం అని నొక్కొచ్చుగా?"

మల్లీశ్వరి చేతిలో స్పానర్ కింద పెట్టింది. "అయ్యో, మా మేస్త్రిగార్ని ఎటకారం చెయ్యమంటారాండీ?"

"సరే. నీకెంత వచ్చిందంటే బాగాలేదు అని నొక్కావేం?"

"ఏదో కొద్దిగా వచ్చిందని చెప్దామనుకున్నానండీ. ఆ గడి లేదు. నాకంతా వచ్చేసిందని నా నోటితో నేనే ఎలా చెప్పుకుంటానండీ?"

"మరి లక్ష్మీకాంత్‌గారికి రెండుచోట్లా అద్భుతం నొక్కారేం అందరూ?"

క్లాసంతా గొల్లుమంది. "ఆయన అద్భుతమేగదండీ" అంది మల్లీశ్వరి, 'ద్భు' దగ్గర కాస్త సాగదీసి.

అప్పుడు నా తల నేనే మొట్టుకున్నాను. నేను పుట్టింది ఈ కృష్ణా జిల్లాలోనే కదా! పెళ్ళిభోజనంలో మూడుసార్లు మారు వడ్డించుకున్న మనిషిని ఎలా ఉందని అడిగితే "పర్లేదండీ" అంటాడు. కొత్త అల్లుడు మనసుకి పూర్తిగా నచ్చితే "పర్లేదు, మంచోడే" అంటారు. ఇంట్లో చంటాడు పాలగిన్నె తన్నేస్తే మాత్రం వాళ్ళమ్మ "అద్భుతం, ఇంకో గిన్నె ఉంది, అదీ తన్ను" అంటుంది. ఈ ఐదు గడులు తయారుచేసిన మహానుభావుడు మా వైపు ఎప్పుడూ భోజనానికి వచ్చి ఉండడు.

ఆ సాయంత్రమే సార్‌కి రెండు పేజీల నోటు రాశాను. "విన్నవించునది ఏమనగా, ఈ ప్రాంతమునందు పర్లేదు అనునది మెచ్చుకోలు గాను, అద్భుతం అనునది వెటకారము గాను వాడుకలో నున్నందున, ఫలితములను తలక్రిందులుగా చదువవలసియున్నది" అని.

సార్ ఆసాంతం చదివారు. "బాగా రాశావు. కానీ సాఫ్ట్‌వేర్‌లో వెటకారానికి కాలమ్ లేదయ్యా" అని నోటు నాకే తిరిగిచ్చారు.

కాంట్రాక్టు పొడిగించరన్న కబురు మేస్త్రికి చెప్పే బాధ్యత కూడా సంతృప్తి అధికారిదేనట. వెళ్ళి చెప్పాను.

"పిల్లలు నా గురించి పర్లేదన్నారా?" అన్నాడు మేస్త్రి. ముఖం ఒక్కసారిగా విప్పారింది. "అందరూనా?"

"అందరూ."

భుజం మీది గుడ్డతో కళ్ళు ఒత్తుకున్నాడు. ముప్ఫై ఏళ్ళలో తనని ఎవరూ అంత మాట అనలేదన్నాడు. పర్లేదు అంటే మూడనీ, మూడంటే ఇంటికి వెళ్ళడమనీ ఆ మనిషికి చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. ఆ పావుగంట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆగస్టులో సంతృప్తి మహోత్సవం జరిగింది. ఆ ఐదు గడులు తయారుచేసిన కొలతల సంస్థ తరఫున ప్రత్యూషగారు హైదరాబాద్ నుంచి వచ్చారు. ఉత్తమ అధ్యాపకుడు లక్ష్మీకాంత్‌కి శాలువా కప్పబోతుండగా కరెంటు పోయింది. మైకు ఆగింది, ఫ్యాన్లు ఆగాయి, తెర మీది ఐదు అంకె మాయమైంది. నిరుడు రిబ్బన్ కత్తిరించిన జనరేటర్ ఒకటి మా పెరట్లో ఉంది. రిబ్బన్ తర్వాత దాని జోలికి ఎవరూ వెళ్ళలేదు. అటెండరు వెళ్ళి నొక్కితే దగ్గి ఊరుకుంది.

"అందరూ కళ్ళు మూసుకుని వెలుగును ఊహించుకోండి" అన్నాడు లక్ష్మీకాంత్. ప్రత్యూషగారు ఒక్కరే మూసుకున్నారు.

చివరి వరసలో కూర్చున్న రత్తయ్య మేస్త్రి మల్లీశ్వరి వైపు చూశాడు. ఆ అమ్మాయి నలుగురిని వెంటేసుకుని పెరట్లోకి పరుగెత్తింది. వాళ్ళ వెనక మేస్త్రి, మేస్త్రి వెనక సార్, సార్ వెనక ట్యాబ్‌తో నేను. "డీజిల్ పైపులో గాలి పట్టిందండీ" అని మల్లీశ్వరి నట్టు వదులు చేసి, గాలి తీసి, మళ్ళీ బిగించి, మీట నొక్కింది. ఐదు నిమిషాలు పట్టలేదు. జనరేటర్ నిలకడగా అందుకుంది. లోపల హాల్లో చప్పట్లు వినిపించాయి.

సార్ జనరేటర్ చప్పుడు చెవి ఒగ్గి విన్నారు. ఆయన ముఖంలో అంత ఆనందం నేనెప్పుడూ చూడలేదు. మేస్త్రి భుజం తట్టి, "పర్లేదే!" అన్నారు.

నేను ట్యాబ్ తీశాను. "ఎంత వెయ్యమంటారండీ?"

"దేనికయ్యా?"

"ఇప్పుడు తమరన్న పర్లేదుకండీ. మూడేనా?"

సార్ నాలుక కరుచుకున్నారు. సొంత ఊరు గుడివాడ దగ్గరే మరి, తన నాలుక తనకి తెలియకుండా ఎలా ఉంటుంది! చెయ్యి చాపి, "ఆ నోటు మళ్ళీ ఒకసారి ఇటివ్వు. మేస్త్రిని ఉంచుదాం" అన్నారు. నోటు నా జేబులోనే ఉంది. తీసిచ్చాను. మల్లీశ్వరి చేతులకంటిన నూనె తుడుచుకోవడం మరిచిపోయి మేస్త్రి వైపు చూసింది.

సరిగ్గా అప్పుడు ప్రత్యూషగారు పెరట్లోకి వచ్చారు. "ఒక్క అంశం మిగిలిపోయిందండీ, సంస్థాధిపతి మీద విద్యార్థుల అభిప్రాయం" అని పిల్లల వైపు తిరిగారు. "మీ ప్రిన్సిపాల్‌గారు ఎలా ఉంటారమ్మా?"

"అద్భుతమండీ" అన్నారు ఐదుగురూ ఒక్క గొంతుతో. 'ద్భు' బాగా సాగింది.

"ఐదుకి ఐదు! ఈ ఏడాది రాష్ట్రంలో మొదటి స్థానం మీదే సార్" అన్నారామె పొంగిపోయి.

సార్ ముఖం ఎర్రబడింది. పిల్లల వైపు చూశారు, నా వైపు చూశారు, చేతిలోని నోటు వైపు చూశారు. అందులో రాసింది నిజమైతే మేస్త్రి ఉద్యోగం నిలుస్తుంది. అందులో రాసింది నిజమైతే ఆ ఐదు మాత్రం ఐదు కాదు. ఆయన నోటుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

మర్నాడు ఉదయం నన్ను గదిలోకి పిలిచారు. గోడకి రాష్ట్రస్థాయి జ్ఞాపిక కోసం అప్పుడే మేకు కొట్టి ఉంది. "రాష్ట్రం మొత్తం ఒప్పుకున్న కొలతని మనం తప్పని ఎలా అంటామయ్యా" అంటూ మేస్త్రి తొలగింపు ఉత్తర్వు చెప్పి రాయించారు. కిటికీలోంచి చూస్తే మేస్త్రి తన స్పానర్లు సంచీలో సర్దుకుంటున్నాడు. పిల్లలు కూడా ఆయన వెనకే సంచులు సర్దుకుంటున్నారు, ఆటోనగర్ షెడ్డుకి దారి వాళ్ళకి తెలుసు.

టైపు చేసి తెచ్చి బల్ల మీద పెట్టాను. సార్ పెన్ను మూత తీశారు.

"ఆర్డరు ఎలా వచ్చింది?" అన్నారు.

"అద్భుతంగా వచ్చిందండీ" అన్నాను.

సార్ తలెత్తకుండా సంతకం పెట్టారు.