తల ఊపిన పాపానికి

శనివారం ఉదయం లింబికాని వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు మార్కెట్టు వెనక, కలప అడితి పక్కన, వినపడనివాళ్ళం చేరే మా టీకొట్టుకు రావాలి. అందరినీ చేతులతో పలకరించాలి. తన పేరు, ఊరు, ఉద్యోగం గురించి మూడు వాక్యాలు చెప్పాలి. ఒక టీ, రెండు మండాసీ బూరెలు ముగించి పన్నెండింటికల్లా ఇంటికెళ్ళి బట్టలు ఉతుక్కోవాలి. ఆ మూడు వాక్యాలనూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి పదకొండుసార్లు చెప్పుకున్నాడు. అద్దంలో ఉన్నవాడికి అన్నీ అర్థమయ్యాయి.

లింబికాని జోంబా పోస్టాఫీసులో స్టాంపుల గుమాస్తా. చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. అయినా మూడు నెలలుగా ప్రతి గురువారం సాయంత్రం సైగల భాష నేర్చుకుంటున్నాడు. అందుకు కారణం టియామికె. ఆమె తండ్రి మసాంబాకు వినపడదు. వడ్రంగి, ముక్కుసూటి మనిషి. "నా కూతుర్ని చేసుకునేవాడు నాతో వాడి చేతులతో వాడే మాట్లాడాలి. మధ్యలో నా కూతురు నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు మొయ్యడం కుదరదు" అని తేల్చేశాడు. వచ్చే నెలలో ఆయన ఎదుట కూర్చోవాలి. అక్కడ తప్పితే పెళ్ళి లేదు. ఈలోగా మా దగ్గర కాస్త చెయ్యి తిరిగితే మంచిదని టియామికె ఆలోచన.

"నాన్న ఈ వారం రాడులే, బ్లాంటైర్‌లో తలుపుల పనుంది" అని ఫోన్లో చెప్పింది. "ఒక్కటి గుర్తుపెట్టుకో. అక్కడ నోరు విప్పకు. వాళ్ళ మధ్య కూర్చుని నోటితో మాట్లాడితే అందరికీ ఒళ్ళు మంట."

"విప్పను."

"మరి అర్థం కాకపోతే ఏం చేస్తావ్?"

"మర్యాదగా ఉంటాను" అన్నాడు లింబికాని. అతని కొంప ముంచింది ఆ మర్యాదే.

తలుపుల పని వాయిదా పడింది. మసాంబా ఎప్పట్లాగే గోడకు చేరబడి, వచ్చేపోయేవాళ్ళు కనపడేలా గుమ్మానికి ఎదురుగా కూర్చున్నాడు. ఆయనే మసాంబా అని లింబికానికి తెలిసే దారి లేదు, ఎందుకంటే మా మధ్య కాగితాల మీది పేర్లతో పనిలేదు. గడ్డం మీద వేలితో అడ్డంగా గీస్తే అది ఆయన పేరు. చిన్నప్పుడు ఉలి తగిలిన గాటు అక్కడుంది. అలా గడ్డంగాటు అనే పెద్దమనిషి ముందు లింబికాని కూర్చున్నాడు.

కొత్త మనిషి కనపడగానే మేము మొదట అడిగేది ఒకటే. "నీకు వినపడుతుందా, వినపడదా?" గడ్డంగాటు అదే అడిగాడు, ఆయన మామూలు వేగంతో. గురువారం పాఠంలో టీచరమ్మ చేతులు ఎద్దుబండిలా నడుస్తాయి. ఈయన చేతులు లింబికానికి ఈగల్ని తోలుతున్నట్టు కనపడ్డాయి. ఒక్క ముక్కా అందలేదు. మర్యాద గుర్తొచ్చి తల ఊపాడు.

"వినపడదా?" అన్నాడు గడ్డంగాటు. మళ్ళీ ఊపాడు.

రెండో ప్రశ్న, ఏ బడిలో చదివావని. బడి అనే సైగ మొదటి పాఠంలోనే ఉంది కాబట్టి లింబికాని సంబరపడిపోయి, తన గురువారం తరగతి జరిగే వైపు, అంటే ఉత్తరానికి, వేలు చూపించాడు. ఉత్తరాదిలో మాలాంటి పిల్లల బడి ఒకటుంది. మాకందరికీ విషయం తెలిసిపోయింది. అతను వస్తూనే చెప్పిన మూడు వాక్యాలు ఒక్కటీ అర్థం కానంత వంకరగా ఎందుకున్నాయో కూడా తేలిపోయింది. "అక్కడివాళ్ళ చేతులు అంతేలే" అన్నాడొకడు. "ఈమధ్య ఆ బడిలో పాఠాలు మరీ దిగజారాయి" అని ఇంకొకడు బాధపడ్డాడు. దాని మీద అరగంట వాదన జరిగింది. లింబికాని రెండు పక్షాలకూ తల ఊపాడు.

పేరు పెట్టింది నేనే. మా పేర్లు ఎవరికి వారు పెట్టుకునేవి కావు, మేమిచ్చేవి. రెండు చేతులూ ముందుకు ఆనించి మెడ పైకీ కిందికీ ఆడిస్తే చాలు, గోడ మీది తొండ కళ్ళకు కట్టినట్టుంటుంది. అందరూ బల్లలు చరిచారు. తనకు పేరొచ్చిందని మాత్రం తెలిసి అతను మహదానందంగా తల ఊపాడు, దాంతో పేరు ఖాయమైపోయింది.

పన్నెండింటికి లేచాడు. మా దగ్గర లేవడం వేరు, వెళ్ళడం వేరు. గుమ్మం దగ్గర ఒకరు, మెట్ల మీద ఇద్దరు, రోడ్డు మీద నలుగురు ఆపుతారు. అతను కదిలేసరికి మూడైంది. ఆ మూడు గంటల్లో అతను వేటికి తల ఊపాడో అతనికి తెలియదు.

సోమవారం టియామికె పోస్టాఫీసుకు వచ్చింది. వరుసలో నిలబడి, తన వంతు వచ్చాక కౌంటర్ మీదకు వంగింది.

"నీకు పోటీ వచ్చాడు."

"ఎవడు?"

"ఎవరో ఉత్తరాది అబ్బాయట. వినపడదట. నాన్న రెండ్రోజులుగా ఒకటే పొగడ్త. సైగలు వంకర గానీ, ఏం చెప్పినా ఎదురు చెప్పడట. అల్లుడంటే అలా ఉండాలట. మా అమ్మాయిని చేసుకుంటావా అని అడిగేశాడు కూడా."

"అతనేమన్నాడు?"

"ఏమంటాడు, తలూపాడట. వచ్చే శనివారం బ్లాంటైర్ వాళ్ళతో ఫుట్‌బాల్ ఆటుంది కదా, అందులో ఆడతానని కూడా ఊపాడట. వినపడనివాళ్ళే ఆడే ఆట అది. చూడ్డానికి జఫాలీ మావయ్యని కూడా రమ్మన్నాడు నాన్న."

మా వైపు మేనమామ వచ్చి చూశాడంటే సగం పెళ్ళి అయినట్టే. లింబికాని ముద్ర వేయబోతున్న చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"అతని పేరేంటి?"

టియామికె చేతులు కౌంటర్ మీద ఆనించి మెడ ఆడించింది.

"అది నేనే" అన్నాడు లింబికాని నెమ్మదిగా.

ఆమె మెడ ఆడించడం ఆపింది. వెనక వరుస పెరుగుతోంది. "ఎందుకూపావ్?"

"అర్థం కాక."

"అర్థం కాకపోతే కాలేదని చెప్పాలి గానీ."

"బాగుండదని..."

"ఇప్పుడు భలే బాగుంది. మా నాన్నకి అబద్ధమంటే గిట్టదు, నీకు తెలుసుగా. ఆట మొదలవకముందే నీ చేతులతో నువ్వే చెప్పు. నేను చెప్పను. చెప్పలేకపోతే నాకు మొహం చూపించకు" అని స్టాంపులు కొనకుండానే వెళ్ళిపోయింది. లింబికానికి ఆ పూట అన్నం సహించలేదు. ఆ పిల్లంటే అతనికి ప్రాణం.

వారమంతా అద్దం ముందు ఇవే మూడు ముక్కలు. "నాకు వినపడుతుంది. తప్పు చేశాను. క్షమించండి." శనివారం మైదానానికి అరగంట ముందే వచ్చాడు. మసాంబా, జఫాలీ పక్కపక్కన నిలబడి గీతల మీద సున్నం చల్లిస్తున్నారు. లింబికాని ఆయన వెనకే నిలబడి, ఒక్క తప్పు లేకుండా, కన్నీళ్ళతో సహా మొత్తం చెప్పేశాడు. ఎదుటివాడి కళ్ళు మన మీద లేనప్పుడు చెప్పిన మాట గాలికి పోయినట్టేనని మూడు నెలల్లో అతనికి తట్టలేదు. మసాంబా వెనక్కి తిరిగి, చేతుల్లో ఎర్ర చొక్కా పెట్టి, వీపు మీద చరిచి మైదానంలోకి తోశాడు.

మా ఆటలో రిఫరీ ఈల ఊదడు, జెండా ఊపుతాడు. ఏడుగురూ ఏడుగురూ. మొదటి సగంలో బ్లాంటైర్ మూడు గోల్స్ వేసింది, మేము రెండు. రెండో సగం మొదలైన కాసేపటికి బంతి లింబికాని కాళ్ళ దగ్గరికి వచ్చింది. సరిగ్గా అప్పుడే అతని వెనక రోడ్డు మీద పోతున్న మొక్కజొన్న లారీ టైరు పేలింది.

పన్నెండు మంది ఆడుతూనే ఉన్నారు. రెండు తలలు గిర్రున రోడ్డు వైపు తిరిగాయి. ఒకటి లింబికానిది. రెండోది బ్లాంటైర్ తొమ్మిదో నంబరుది. తిరిగిన తలలు మళ్ళీ వెనక్కి వచ్చి ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఆ తొమ్మిదో నంబరు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఈలోగా బంతిని ఎవరో తన్నుకుపోయారు.

గట్టు మీదున్న మేమందరం ముందు ఆ ఇద్దర్నీ చూశాం, తర్వాత ఒక పక్కకి ఒరిగిన లారీని చూశాం. మాకు చెవులు లేవు గానీ కళ్ళకేం లోటు లేదు. మసాంబా వేలు ఆడించి లింబికానిని గట్టు దగ్గరికి పిలిచాడు. అటు పక్క తొమ్మిదో నంబరును కూడా ఎవరో పిలిచారు.

లింబికాని ఈసారి ఎదురుగా నిలబడి చెప్పాడు. "నాకు వినపడుతుంది. తప్పు చేశాను. క్షమించండి."

"తెలుసు" అన్నాడు మసాంబా. ఆయన చేతులు ఇప్పుడు నెమ్మదిగా కదులుతున్నాయి. "నాలుగేళ్ళుగా మా అక్కకి ఉత్తరం వెయ్యాలంటే నీ దగ్గరే స్టాంపులు కొంటున్నా. నువ్వు ఒక్కసారీ తలెత్తి చూడలేదు. నేను నిన్ను చూస్తూనే ఉన్నా. మా అమ్మాయి చెప్పే గుమాస్తావి నువ్వేనని కూడా తెలుసు. వినపడదా అంటే తలూపావు. సరే, ఎంతదాకా ఊపుతాడో చూద్దామనుకున్నా. నీకు నువ్వే పోటీ పెళ్ళికొడుకు అయ్యావు, అయినా ఊపడం ఆపలేదు."

"మరి తెలిసీ ఆటలోకి ఎందుకు దించావ్?" అని మేము నిలదీశాం. మాకూ కోపం వచ్చింది.

"వాళ్ళకీ ఒకడు తక్కువయ్యాడు. వినపడే తొండ చెరొకడు అని వాళ్ళ కెప్టెన్‌తో ముందే మాట్లాడుకున్నాం" అన్నాడు.

లింబికానికి అందులో సగమే అందింది గానీ, ఆ సగం చాలు. సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా అడిగేశాడు. "మీ అమ్మాయిని నాకిస్తారా?"

మసాంబా చేతులు మళ్ళీ వేగం అందుకున్నాయి. చాలా పెద్ద జవాబు. మధ్యలో జఫాలీ వైపు చూపించాడు, మైదానం వైపు చూపించాడు, చివర ప్రశ్నలా కనుబొమలెత్తాడు. లింబికాని మెడ అలవాటు కొద్దీ కదలబోయింది. అతను టియామికె వైపు చూశాడు. ఆమె కావాలనే లారీ వైపు చూస్తోంది. అతను మెడను బిగబట్టుకున్నాడు.

"అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి."

మసాంబా మళ్ళీ చెప్పాడు.

"ఇంకా అర్థం కాలేదు. మళ్ళీ."

మూడోసారి చెప్పేముందు మసాంబా బావమరిది వైపు తిరిగి, "ఇప్పుడు మాట్లాడుతున్నాడు" అన్నాడు. ఆయన మొహం విప్పారింది. టియామికె లారీని వదిలి ఇటు తిరిగింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. మసాంబా ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు. "వచ్చే నెల మీ మేనమామని తీసుకురా, జఫాలీతో మాట్లాడతాడు. ముందు ఆటలోకి వెళ్ళు, మావాళ్ళు ఒకడు తక్కువై ఆడుతున్నారు. అర్థమైందా?"

లింబికాని తల ఊపలేదు. తనకు అర్థమైందని, మేనమామను తప్పక తెస్తానని, ఈ మేలు జన్మలో మరచిపోనని మూడు పూర్తి వాక్యాలు చేతులతో తప్పు లేకుండా చెప్పాడు.

అవి పూర్తయ్యేలోపు బ్లాంటైర్ నాలుగో గోల్ వేసింది.