గాజుపెట్టెలో పెళ్లి టోపీ

జలీలా అవ్వ పళ్లెంలో మసూరుపప్పు పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఎదురింటి దాన్ని కాబట్టి నేనూ ఓ చెయ్యి వేశాను. టోపీ తీసుకెళ్లడానికి మ్యూజియం నుంచి వచ్చిన ముంధిర్ మాత్రం తెల్లటి చేతి తొడుగులు వేసుకుని, అవ్వ పెళ్లినాటి టోపీని పసిపాపలా ఒళ్లో పెట్టుకున్నాడు.

పాఠకులారా, పెళ్లి టోపీకి అసలైన సుఖం తల మీద లేదు, మ్యూజియంలోనే ఉంది!

తల మీద ఏముంది? చెమట, ఆలివ్ నూనె, పొయ్యి పొగ. మా బెత్లెహేము పల్లెల్లో పెళ్లయిన ఆడది ఈ నిలువు టోపీ లేకుండా బయట కనిపించేది కాదు. నుదుటి మీద వెండి నాణేలు, పగడాలు, గడ్డం కింద గొలుసు. పాపం, దానికి ఒక్కరోజైనా సెలవుందా? అదే మ్యూజియంలో అయితే నడివేసవిలోనూ చల్లదనం! కరెంటు పోతే దానికోసం ప్రత్యేకంగా జనరేటరట. మా ఊళ్లో కాన్పుల గదికి ఆ భాగ్యం లేదు.

కిందటేడు మా పెద్దత్త టోపీ అలాగే వెళ్లి సుఖపడింది. చీటీ మీద ‘యజమానురాలు ఎవరో తెలియదు’ అని రాశారు. అత్త దాని ముందే నిలబడి మూడుసార్లు తన పేరు చెప్పింది. అద్దానికి దూరంగా జరగమన్నాడు కాపలావాడు.

ఇంతకీ అవ్వకు ఒకటే చిక్కు. ఆదివారం మనవరాలు నుహా పెళ్లి. ఆ ఒక్క పూటకు టోపీ ఇస్తారా అని అడిగింది. ముంధిర్ నొచ్చుకున్నాడు. బయటికి ఇవ్వడం కుదరదట. పెళ్లికూతురే వచ్చి గాజుపెట్టె పక్కన ఫొటో దిగవచ్చట, ఫ్లాష్ లేకుండా. ఎంత సదుపాయమో చూశారా! టోపీ తల దగ్గరకు రానక్కర్లేదు, తలే టోపీ దగ్గరకు వెళ్తుంది!

తర్వాత అతను కాగితం తీసి లోపాలు రాసుకోసాగాడు.

“రెండు నాణేలు ఊడిపోయాయి అవ్వా.”

“ఊడలేదు నాయనా, నేనే కోశాను. ఒకటి నుహా తండ్రికి చిన్నప్పుడు జ్వరమొస్తే మందులకి. రెండోది వాణ్ణి బళ్లో వెయ్యడానికి. నా టోపీ, నా కత్తెర. మా ఆయన్ని కూడా అడగలేదు.”

“ఫర్వాలేదు, అలాంటివే వేరేవి కుట్టేస్తాం. కోసినట్టు ఎవరికీ తెలియదు.”

నిజమే కదా! ఆడదాని వస్తువు మీద ఆమె చెయ్యి పడిన గుర్తు లేకపోతేనే అది చరిత్ర అవుతుంది.

అవ్వ చేతులు దులుపుకుని లేచింది. అతని ఒళ్లోంచి టోపీ తీసుకుంది. నుహాను పిలిచి తలకు పెట్టి, గొలుసు బిగించింది.

“బరువుగా ఉందే అవ్వా.”

“ఉంటుంది. మెడ వంచకు. దర్జీ దగ్గరకెళ్లి, ముసుగు దీని మీద నిలుస్తుందో లేదో చూసి రా.”

ఎండ తగిలితే రంగు వెలిసిపోతుందని ముంధిర్ చెప్పబోయాడు. నుహా గుమ్మం దాటి ఎండలోకి వెళ్లిపోయింది.